రెక్క కొసకి చుక్కాని

గద్ద మేఘాల కింద చక్కర్లు కొడుతున్నప్పుడు దాని రెక్క చివర చూడండి. ఈకలు వేళ్లలా విడివడి పైకి వంగి ఉంటాయి. ఆ వంపు మీద మనిషికి మోజు ఈనాటిది కాదు. రెక్క కొసన అడ్డుపలక పెట్టొచ్చని ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1897లోనే పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి రైట్ సోదరుల విమానం ఇంకా పుట్టనే లేదు.

కొస దగ్గర జరిగేది చిన్న దొంగతనం. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి కొస పక్కనుంచి పైకి జారుకుంటుంది, వెనక సుడి లేస్తుంది. ఆ సుడి తిప్పే ఖర్చు ఇంజన్ భరించాలి. ముక్కెత్తి నెమ్మదిగా ఎక్కేటప్పుడు అది బాగా తింటుంది. అదే బరువుతో వేగం రెట్టింపు చేస్తే ఆ భారం నాలుగో వంతుకు పడిపోతుంది. చిన్న విమానం కొనుక్కున్నవాడు ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, కొసల మీద అనవసరంగా పెట్టే డబ్బు మిగులుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి అమెరికా వచ్చిన సిగార్డ్ హోర్నర్ కొసల ఆకారాలనే పట్టుకుని కూర్చున్నాడు. గుండ్రంగా నున్నగా ఉన్న కొస కంటే అంచు పదునుగా ఉన్నదే మేలన్నాడు. గుండ్రటి అంచు చుట్టూ గాలి సులువుగా తిరిగిపోతుంది, పదును దగ్గర అంత సులువు కాదు. చిన్న విమానాల వాళ్లు ఇప్పటికీ ఆ తరహా కొసని ఆయన పేరుతోనే పిలుస్తారు.

తర్వాతి మలుపు వర్జీనియాలోని హాంప్టన్‌లో, నాసా లాంగ్లీ కేంద్రంలో వచ్చింది. అక్కడి రిచర్డ్ విట్‌కాంబ్ లెక్కల కాగితాల కంటే విండ్ టన్నెల్‌నే ఎక్కువ నమ్మిన మనిషి. ఆకురాయి పట్టుకుని తన చేతులతోనే నమూనాలు అరగదీసేవాడు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెద్ద జెట్ల కోసం నిలువు రెక్కముక్కని మలిచాడు. అది ఉత్త అడ్డుపలక కాదు. సుడిలోని వాలు గాలిని అందుకుని కాస్త ముందుకు తోసే అసలైన రెక్క. దాని పేరే వింగ్లెట్. ఆయన నివేదిక 1976 జూలైలో అచ్చయింది.

అచ్చయ్యేలోపే ఒక చిన్న విమానం వింగ్లెట్లతో ఎగిరేసింది! కాలిఫోర్నియా ఎడారిలోని మొహావీలో బర్ట్ రుటాన్ తయారుచేసిన వేరిఈజ్, 1975 మే నెలలో. కూర్చునేది ఇద్దరు. నురుగు దిమ్మల్ని కాలే తీగతో కోసి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ పూసి కట్టే విమానం. ఇంట్లో కట్టుకునేది కాబట్టి, ఫ్యాక్టరీ విమానంలా రెక్క మీద ప్రతి మార్పుకీ ప్రభుత్వ ఆమోదం కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.

రుటాన్ తెలివి వింగ్లెట్ పెట్టడంలో లేదు, దానికి రెండో ఉద్యోగం ఇవ్వడంలో ఉంది. వేరిఈజ్‌కి తోక లేదు. అడ్డ రెక్క ముక్కు దగ్గర, ఇంజన్ వెనక. మరి చుక్కాని ఎక్కడ? ప్రధాన రెక్క వెనక్కి వాలి ఉంది కాబట్టి దాని కొస, విమానం బరువు కేంద్రానికి బాగా వెనకపడుతుంది. ఎలాగూ నిలువు పలక కావాలి, కొసనే పెట్టేశాడు, చుక్కాని (రడ్డర్) దానికే తగిలించాడు. ఒక్కో రడ్డర్ బయటికి మాత్రమే తిరుగుతుంది. రెండు పెడళ్లూ ఒకేసారి తొక్కితే రెండూ విచ్చుకుని బ్రేకులా పనిచేస్తాయి.

మామూలు తోక ఉన్న విమానానికి ఈ లాభం లేదు. అక్కడ వింగ్లెట్ అంటే అదనపు బరువు, గాలి రాసుకునే అదనపు ఒళ్లు. రెక్క కట్టడం ఓర్చుకుంటే ఇంకో అడుగు పొడవు పెంచుకోవడమే మేలంటాను. అందం కోసమైతే మీ ఇష్టం.

పొడుగు రెక్క సత్తా రుటాన్ మరో విమానం వాయేజరే చూపించింది. 1986 డిసెంబర్ 14న అది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం నుంచి బయల్దేరినప్పుడు, ఇంధనం బరువుకి రెక్క కొసలు రన్‌వే మీద రాసుకుపోయాయి. రెండు వింగ్లెట్లూ ఊడిపోయాయి. దాన్ని నడిపిన బర్ట్ అన్న డిక్ రుటాన్, జీనా యేగర్ వెనక్కి తిరగలేదు. దాదాపు 34 మీటర్ల రెక్కతో, ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూమి చుట్టి, తొమ్మిది రోజుల తర్వాత డిసెంబర్ 23న అదే చోట దిగారు.