బండి స్టాండు నుంచి పార్కింగ్ చీటీ దాకా

మందుల షాపు ముందు బైకు ఆపి రెండు మాత్రల షీట్లు కొనుక్కునే మనిషికి పట్టేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలకూ ఎవరో వచ్చి చీటీ చింపి చేతిలో పెడితే, రేపు ఆయన ఇంకో వీధిలో కొంటాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో ఏ చిన్న అంగడాయన్ని అడిగినా పార్కింగ్ రుసుము మీద మొదట చెప్పే భయం ఇదే. ఆ భయం న్యాయమైనదే. కాని నిలిపిన బండికి డబ్బు తీసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. దాని పుట్టుక తెలిస్తే, మున్సిపల్ కౌన్సిల్‌ను ఏమని నిలదీయాలో అంగడాయనకే తెలుస్తుంది.

విజయనగర కాలంలో సుంకం మూడు రకాలు. ఊళ్లోకి వచ్చి అమ్ముడయ్యే సరుకు మీద స్థలాదాయం, ఊరి మీదుగా దాటిపోయే సరుకు మీద మార్గాదాయం, ఊరి నుంచి బయటికి పోయే సరుకు మీద మామూలాదాయం. దారి సుంకాలు ఈస్టిండియా కంపెనీ హయాంలోనూ సాగి, మద్రాసు ప్రెసిడెన్సీలో 1844 చట్టంతో పోయాయి. కాని దారిలో డబ్బు వసూలు ఆగలేదు. 1884 నాటి మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం ఊళ్లోకి వచ్చే బండ్ల మీద, పశువుల మీద టోలు వేసే హక్కును పురపాలక సంఘాలకిచ్చింది. మోటారు వాహనాల పన్ను చట్టం 1931లో వచ్చాకే ఆ టోలు గేట్లకు కాలం చెల్లింది.

ఈ పద్ధతులన్నిటిలో డబ్బు కట్టింది సరుకు, లేదా కదిలే బండి. నిలిచిన బండి లెక్కలోకి వచ్చింది బండి స్టాండుతో. 1920 మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం పురపాలక సంఘాలు బండి స్టాండ్లు కట్టి రుసుము తీసుకోవచ్చంది. ఎద్దుబండ్లే కాదు, ఇతర వాహనాలూ పశువులూ నిలిపే చోటూ అందులోకే వస్తుంది. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒక వరుస. స్టాండు ఏర్పాటు చేసిన తర్వాతే, దాని చుట్టుపక్కల కౌన్సిల్ నిర్ణయించిన దూరం లోపల వీధి అంచున బండ్లు నిలపకూడదని అధికారి చెప్పగలడు. ముందు చోటు, తర్వాత నిషేధం. మదనపల్లె మున్సిపాలిటీ 1961లో ఏర్పడింది ఈ చట్టం కిందే. 1965లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టంలోనూ బండి స్టాండు నిలిచింది.

ఈ వరుసను చెడగొట్టింది గేటు వేలం. వారపు సంత గేటు, దినసరి మార్కెట్ గేటు, ఇలా ఒక్కోదాని దగ్గర రుసుము వసూలు చేసే హక్కును ఏడాదికి వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడిది గేటు. పాడిన డబ్బు ఏడాదిలో రాబట్టుకోవాలి కాబట్టి, ఆకుకూరల గంపతో కూర్చున్న అమ్మ దగ్గరా చీటీ చింపుతాడు. ఆ డబ్బుతో నీడ వచ్చిందా, నీళ్లు వచ్చాయా అని అడిగే వీలు ఆమెకు ఉండదు. పార్కింగ్ చీటీ అనగానే మన అంగళ్లవాళ్ల కళ్ల ముందు కదిలేది ఈ గేటు కాంట్రాక్టరే.

నిజానికి పార్కింగ్ మీటరు పుట్టింది అంగళ్లవాళ్ల కోసమే. అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ఆఫీసులకు వచ్చేవాళ్లు పొద్దున కారు పెట్టి సాయంత్రం దాకా తీయకపోవడంతో, కొనడానికి వచ్చినవాళ్లకు షాపుల ముందు చోటు దొరికేది కాదు. పత్రికా సంపాదకుడు కార్ల్ మెగీ దీనికి ఒక యంత్రం కావాలన్నాడు. దాన్ని హోల్గర్ థ్యూసన్, జెరాల్డ్ హేల్ తయారుచేశారు. 1935 జులై 16న తొలి మీటరు నిలబడింది, గంటకు ఐదు సెంట్లు. రోజంతా తిష్ఠ వేసే బండిని కదిలించడం దాని పని. లండన్‌కు ఆ మీటర్లు 1958లో వచ్చాయి.

కాలిఫోర్నియాలోని ఓల్డ్ పాసడీనాలో 1993లో మీటర్లు పెట్టినప్పుడు అంగళ్లవాళ్లు ఒప్పుకున్నది ఒక షరతు మీద: వచ్చిన డబ్బు ఆ పేట దాటిపోకూడదు. దాంతో పేవ్‌మెంట్లు బాగుపడ్డాయి, దీపాలు వెలిగాయి, శిథిలమైన పేట మళ్లీ జనంతో నిండింది. ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ 2005లో వేసిన పార్కింగ్ పుస్తకంలో ఈ కథను వివరంగా రాశాడు. అంత దూరం ఎందుకు, మనవాళ్లకు అలవాటైన బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో 2005లో మీటర్ల పద్ధతిని నడపడానికి ముందుకొచ్చింది అక్కడి దుకాణదారుల సంఘమే.

మన ఊళ్లలో రోజంతా నిలిచే బండి ఎవరిది? కుప్పంలో తెల్లారి రైలెక్కి బెంగళూరుకు పనికిపోయేవాళ్లు చాలామంది. వాళ్ల బైకులకు కావలసింది స్టేషన్ దగ్గర నీడ ఉన్న స్టాండు, కాపలా. దానికి రుసుము అడిగితే తప్పులేదు. బజారులో రోజంతా ఉండేవి చాలావరకు అంగడి యజమానివీ, పనివాళ్లవీ. వాటికి వెనక వీధిలో చోటు చూపిస్తే గిరాకీకి ముందు చోటు మిగులుతుంది. ఇది అంగళ్లవాళ్లు తమలో తాము ఒప్పుకోవలసిన సంగతి కూడా.

ఇక మాత్రలు కొనేవాడి ఐదు నిమిషాలు. మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఉచితమనీ, ఆపై గంట దాకా బిల్లు చూపిస్తే వసూలు చేయకూడదనీ తెలంగాణ 2018లో ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్ నుంచి అదే బాట పట్టింది. ఏసీ మాల్‌లో కొనేవాడికి దక్కిన అరగంట కిరాణా కొట్టు ముందు నిలిచిన రైతు బైకుకు దక్కకపోతే అన్యాయం. కుప్పం మున్సిపాలిటీకి తొలి ఎన్నికలు జరిగింది 2021 నవంబరులో. పాత గేట్ల అలవాటు అక్కడ ఇంకా ముదరలేదు. మదనపల్లె, పుంగనూరు కౌన్సిళ్లయినా సరే, పార్కింగ్ తీర్మానం పెట్టే రోజున అందులో మూడు సంగతులు రాసి ఉన్నాయా అని వర్తక సంఘాలు చదివి చూసుకోవాలి: స్టాండు ముందు కట్టడం, అరగంట వదిలేయడం, ఏ వీధి డబ్బు ఆ వీధికే ఖర్చు పెట్టడం. లేకపోతే వేలం ప్రకటన వెలువడకముందే అభ్యంతరం రాసిచ్చి, దానికి రసీదు తీసుకోవాలి.