సూదిగాయం, సీరమ్ చుక్క: మైక్రోనీడ్లింగ్ పూర్వాపరాలు

ముఖంపై సన్నని సూదులతో గుచ్చి మచ్చలను తగ్గించే మైక్రోనీడ్లింగ్‌కు పచ్చబొట్టు యంత్రమే మూలం. కెనడాకు చెందిన కామిరాండ్, డూసే అనే ఇద్దరు శస్త్రచికిత్స మచ్చలను కప్పిపుచ్చడానికి వాటిపై చర్మపు రంగు పచ్చబొట్లు వేశారు. కాలక్రమంలో ఆ రంగు వెలిసిపోగా మచ్చలే మెరుగుపడి కనిపించాయి. రంగు లేని సూది సైతం ఆ పని చేయగలదని 1997లో ప్రకటించారు. తరువాత దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెజ్ సూదుల రోలరును ప్రచారంలోకి తెచ్చారు.

గాయం మానే క్రమంలో చర్మం కొత్త కొల్లాజెన్‌ను అల్లుకొంటుంది. చికిత్స ఫలమంతా అదే. అయితే ఆ రంధ్రాలు పూడేవరకు పైన పూసినదల్లా లోనికి దిగుతుంది. పైపూతకే ఉద్దేశించిన సీరమ్ లోపలి పొరకు పరాయి పదార్థమే కదా! 2014లో అమెరికా వైద్యులు ముగ్గురు స్త్రీల ముఖాలపై గ్రాన్యులోమాలనే గట్టి గడ్డలను వర్ణించారు. వారిలో ఇద్దరికి ప్యాచ్ పరీక్షలో విటమిన్ సి సీరమ్ పడలేదని తేలింది. తొలుత ఇచ్చిన స్టీరాయిడ్లు ఫలించలేదు.

సాధారణమైన ఎరుపు కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మన చామనఛాయ చర్మంపై మిగిలే నల్లమచ్చకు మాత్రం నెలలు పట్టవచ్చు. అంతవరకు ఎండ తగలనీయరాదు, గోటితో గిల్లరాదు. వారం దాటినా గడ్డలు కనిపిస్తే చర్మవైద్యుని వద్దకు వెళ్లండి, పూసిన సీరమ్ సీసాను కూడా వెంట తీసుకొని.