నాస్కార్ రేసుల్లో పోటీ సమంగా ఉందా? లెక్క ఇలా కడతారు

అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్. అందులో పెద్ద పోటీ కప్ సిరీస్. సీజన్‌కు 36 పాయింట్ల రేసులు.

గెలుపు ఒకరిద్దరి చేతిలోనే ఉందా, అందరికీ అందుతోందా? మామూలుగా ఎంతమంది గెలిచారో చూస్తారు. 2021లో 16 మంది, 2022లో 19 మంది. తేడా ముగ్గురే కదా అనిపిస్తుంది.

కానీ ఇది సగం లెక్కే. 2021లో కైల్ లార్సన్ ఒక్కడే 10 రేసులు గెలిచాడు. 2022లో అందరికంటే ఎక్కువ గెలిచిన చేజ్ ఎలియట్‌కు దక్కినవి 5.

సరైన కొలత

ఒక్కొక్కరి విజయాల సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, అన్నీ కలపాలి. 36ను 36తో గుణిస్తే వచ్చే 1296ని ఆ మొత్తంతో భాగించాలి.

2021: మొత్తం 162, ఫలితం 8.
2022: మొత్తం 94, ఫలితం దాదాపు 14.

అంటే 2021లో విజయాలను 8 మంది సమానంగా పంచుకున్నట్టు, 2022లో 14 మంది పంచుకున్నట్టు.

జట్లవారీగా కూడా చూడాలి. హెండ్రిక్ జట్టు 2021లో 17 గెలిస్తే, 2022లో 11 గెలిచింది.

ఎందుకు మారింది?

2022లో నెక్స్ట్ జెన్ కారు వచ్చింది. చాలా విడిభాగాలను అన్ని జట్లూ ఒకే సరఫరాదారుల దగ్గర కొనాల్సి వచ్చింది. పెద్ద జట్ల సొంత తయారీకి చోటు తగ్గింది.

ఎవరికి నష్టం?

అప్పటి నిబంధన ప్రకారం ప్లేఆఫ్‌లోని 16 చోట్లలో ముందు అవకాశం రేసు గెలిచినవారిదే. విజేతలు పెరిగేసరికి, పాయింట్లలో ముందున్నా ఒక్క రేసూ గెలవని మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్ 2022లో బయటే ఉండిపోయాడు.