ఫోర్డ్ ఈ-సిరీస్ వ్యాన్: స్పార్క్ ప్లగ్‌ల మార్పు

అమెరికన్ ఫోర్డ్ ఈ-సిరీస్ వ్యాన్లలో స్పార్క్ ప్లగ్‌లు మార్చడం మెకానిక్కుల ఓపికను పరీక్షించే పని. ఎకనోలైన్ అన్న పాత పేరుతోనే వీటిని ఎరిగినవారు ఎక్కువ. ఇంజన్ వెనక భాగం డ్యాష్‌బోర్డు కిందికి, ముందు సీట్ల మధ్యకు చొచ్చుకుని ఉండటం ఈ ఇబ్బందికి మూలం. 1997 నుంచి అమర్చిన ట్రైటన్ శ్రేణి ఇంజన్లలో దీనికి అల్యూమినియం సిలిండర్ హెడ్డు మరల బలహీనత కూడా తోడైంది.

ఇంజన్ ఉన్న చోటు

తొలి ఎకనోలైన్‌ను కొందరు 1960 నాటిదంటారు, కొందరు 1961 నాటిదంటారు. 1960 చివర్లో అమ్మకానికి వచ్చినా అది 1961 మోడల్ కాబట్టి రెండో లెక్కే సబబు. అందులో ఇంజన్ పూర్తిగా ముందు సీట్ల మధ్య ఉండేది. 1968లో వచ్చిందని కొందరు, 1969 మోడల్ అని మరికొందరు రాసే రెండో తరంలో ఇంజన్‌ను ముందుకు జరిపి పొట్టి బోనెట్ పెట్టారు. అయినా వెనక సగం క్యాబిన్‌లోనే మిగిలింది. తెలుగు ప్రాంతాల్లో బాగా తిరిగిన మారుతి ఓమ్ని (1984–2019) ఇంజన్ కూడా ముందు సీట్ల కిందే. అయితే అది 796 సీసీ, మూడు సిలిండర్లది. ఈ-సిరీస్ 5.4 లీటర్ల వి8లో ఎనిమిది ప్లగ్‌లు, 6.8 లీటర్ల వి10లో పది.

వి8లో కుడి వరస 1–4, ఎడమ వరస 5–8. రెండు వరసల్లో చివరివైన 4, 8 సిలిండర్లు చేతికి అందడం కష్టం. సాధారణంగా ముందు ప్లగ్‌లను బోనెట్ వైపు నుంచి, వెనకవాటిని క్యాబిన్‌లోని ఇంజన్ కవర్ తీసి మారుస్తారు.

మరల సమస్య

రెండు వాల్వుల ట్రైటన్ తొలి హెడ్డుల్లో ప్లగ్‌ను పట్టి ఉంచే మరలు సుమారు నాలుగు చుట్లే. ప్లగ్ వదులైతే కంప్రెషన్ ఒత్తిడికి మరలు అరిగి, చివరికి ప్లగ్ తన మీది ఇగ్నిషన్ కాయిల్‌తో సహా పైకి ఎగిరిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. తర్వాతి హెడ్డుల్లో మరల సంఖ్య పెంచారు. ఆ మార్పు 2002లో జరిగిందని కొందరు, 2003–04లో అని మరికొందరు అంటారు. వ్యాన్ తయారీ ఏడాదిని నమ్ముకోవడం కన్నా హెడ్డును చూసి తేల్చుకోవడం క్షేమం. మర పోయిన హెడ్డుకు లోహపు ఇన్సర్ట్ వేసి బాగుచేస్తారు.

పని తీరు

ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్‌లు విప్పాలి. వేడి మీద ఉన్న అల్యూమినియం హెడ్డులో ప్లగ్ తిప్పితే మరలు చెడే ప్రమాదం ఎక్కువ. ఇంజన్ కవర్ క్లిప్పులు వదులుచేసి, గాలి గొట్టం పక్కకు తీసి, 7 మిల్లీమీటర్ల బోల్టు విప్పితే కాయిల్ పైకి వస్తుంది. ప్లగ్ ఉండే లోతైన గుంటలో నీళ్లు, ఇసుక చేరి ఉంటాయి. వాటిని కంప్రెసర్ గాలితో ఊదేయకుండా ప్లగ్ విప్పితే ఆ మట్టి నేరుగా సిలిండర్‌లో పడుతుంది.

విప్పడానికి 5/8 అంగుళాల ప్లగ్ సాకెట్, రెండు మూడు ఎక్స్‌టెన్షన్ రాడ్లు, ఒక యూనివర్సల్ జాయింట్ కావాలి. కొత్త ప్లగ్ ఎక్కించేటప్పుడు అనుభవజ్ఞులు పెట్రోలు రబ్బరు గొట్టం ముక్కను ప్లగ్ తలకు తొడిగి, దానితోనే తిప్పుతారు. మర సరిగా పడితే ప్లగ్ సాఫీగా దిగుతుంది. అడ్డంగా పడితే గొట్టం జారుతుంది గానీ మర చెడదు. అందని చోట ఇది నమ్మకమైన పద్ధతి.

భిన్నాభిప్రాయాలు

బిగింపు బలంపై ఏకాభిప్రాయం లేదు. మాన్యువళ్లలో తరచుగా కనిపించేది 13–14 పౌండ్-అడుగుల దరిదాపు అంకె, అంటే సుమారు 18–19 న్యూటన్-మీటర్లు. ప్లగ్‌లు వదులవుతున్నాయి కాబట్టి ఇంకా గట్టిగా బిగించాలనే మెకానిక్కులూ ఉన్నారు. నాలుగు చుట్ల మరపై అధిక బలం పెట్టడం కూడా ప్రమాదమే. వ్యాన్ మోడల్ ఏడాదికి చెందిన మాన్యువల్ అంకెను టార్క్ రెంచ్‌తో పాటించడమే మేలు. మర పట్టేయకుండా గ్రీజు పూయాలన్న సలహా కూడా వివాదాస్పదమే. పూత ఉన్న తమ ప్లగ్‌లకు అది అక్కర్లేదని, పూస్తే మోతాదుకు మించి బిగుసుకుంటాయని తయారీదారు ఎన్‌జీకే చెబుతుంది.

గడువు

ప్లాటినం ప్లగ్‌లకు సాధారణంగా చెప్పే గడువు లక్ష మైళ్లు, దాదాపు 1,60,000 కిలోమీటర్లు. సరుకు లాగే వ్యాన్లకు ముందే మార్చాలంటారు. మిస్‌ఫైర్ మొదలైతే స్కానర్‌లో పి0301 మొదలైన కోడ్‌లు సిలిండర్ సంఖ్యతో కనిపిస్తాయి. వి8లో పి0304, పి0308 వస్తే చేయి అందని చివరి సిలిండర్లకే వెళ్లాలి.

సంబంధిత వాహనాలు

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో కనిపించే టొయోటా సియెనాలో ఇబ్బంది మరో రకం. 3.5 లీటర్ల వి6ను అడ్డంగా అమర్చడంతో వెనక వరస మూడు ప్లగ్‌లు ఫైర్‌వాల్ వైపు దాగి, పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్ కప్పి ఉంటుంది. 2021 మోడల్ నుంచి నాలుగు సిలిండర్ల హైబ్రిడ్ రావడంతో ఆ వెనక వరసే లేకుండాపోయింది. ఈ-సిరీస్‌లో మూసిన వ్యాన్ల తయారీ 2014తో ఆగి, ట్రాన్సిట్ ఆ స్థానంలోకి వచ్చింది. క్యాబ్-ఛాసిస్ రకాలు కొనసాగుతున్నాయి.