స్పీడోమీటర్ ముల్లు లేవట్లేదా.. స్టీరింగ్ గట్టిపడిందా? పాత కారులో ఈ రెండింటికీ మూలం ఒక్కటే కావొచ్చు!

చొప్పదండి, కరీంనగర్ జిల్లా: చొప్పదండి నుంచి కరీంనగర్ వెళ్లే రోడ్డు మీద పదిహేనేళ్లు దాటిన కార్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఇలాంటి బండ్లలో తరచూ కనిపించే ఫిర్యాదులు రెండు. ఒకటి, స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరే ఆగిపోవడం. రెండోది, స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కడం. ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. అప్పుడు ఒక షెడ్డులో మీటర్, ఇంకో షెడ్డులో స్టీరింగ్ విప్పించి డబ్బులు పోగొట్టుకునే వాళ్లున్నారు. నిజానికి ఆ రెండింటి వెనకా ఒకటే చిన్న సెన్సార్ ఉండొచ్చు.

ముందు బండి ఏ రకమో తెలియాలి

మారుతి 800 లాంటి పాత బండ్లలో స్పీడోమీటర్‌కు కేబుల్ ఉంటుంది. గేర్‌బాక్స్‌లో తిరిగే పళ్ల చక్రం ఆ కేబుల్‌ను తిప్పుతుంది. కేబుల్ చివర మీటర్ లోపల ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని ప్రభావంతో పక్కనున్న అల్యూమినియం గిన్నె, దానికి బిగించిన ముల్లు కదులుతాయి. జర్మనీకి చెందిన ఒట్టో షుల్ట్సె 1902లోనే ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దశాబ్దాల పాటు చాలా కార్లు దీంతోనే నడిచాయి.

కేబుల్ మీటర్‌లో లోపం పట్టుకోవడం తేలికే. ముల్లు వణుకుతూ టిక్కు టిక్కుమని శబ్దం వస్తే కేబుల్ ఎండిపోయిందనో, ఎక్కడో మడత పడిందనో అర్థం. ముల్లు పనిచేయకపోయినా కిలోమీటర్లు తిరుగుతుంటే కేబుల్ బాగానే ఉంది, మీటర్‌లోనే లోపం. రెండూ ఆగిపోతే కేబుల్ తెగి ఉండొచ్చు, లేదంటే గేర్‌బాక్స్ దగ్గరి చిన్న చక్రం అరిగి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే మీటర్ వెనక కేబుల్ ఊడదీయాలి. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపాలి. ఆ చక్రాన్ని చేత్తో తిప్పితే కేబుల్ లోపలి తీగ తిరగాలి. తిరిగితే తప్పు మీటర్‌ది.

సెన్సార్ ఉన్న బండ్ల సంగతి వేరు

తర్వాత వచ్చిన కార్లలో కేబుల్ స్థానంలో స్పీడ్ సెన్సార్ వచ్చింది. చాలా వాటిలో ఇది గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. బండి ఎంత వేగంతో పోతోందో ఇది మీటర్‌కే కాదు, ఇంజిన్ కంప్యూటర్‌కూ చెబుతుంది. ఆల్టో, వ్యాగనార్ లాంటి వాటిలో వచ్చిన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌కు, అంటే ఈపీఎస్‌కు కూడా ఈ సమాచారమే కావాలి. పార్కింగ్‌లో స్టీరింగ్ వెన్నలా తిరగాలి, హైవే మీద కాస్త గట్టిగా ఉండాలి. మోటార్ ఎంత సాయం చేయాలో వేగాన్ని బట్టే నిర్ణయిస్తుంది.

ఇంజిన్ గట్టిగా తిరుగుతోంది, వేగం మాత్రం సున్నా అని వస్తోంది. అలాంటప్పుడు కొన్ని మోడళ్లలో ఈపీఎస్ కంప్యూటర్ దాన్ని లోపంగా గుర్తించి హెచ్చరిక లైటు వెలిగిస్తుంది, సాయం ఆపేస్తుంది. ముల్లు పడిపోవడం, స్టీరింగ్ గట్టిపడటం ఒకేసారి జరిగితే అనుమానం మొదట ఈ సెన్సార్ మీదే పెట్టాలి. స్కానర్ పెడితే ఇంజిన్ వైపు పీ0500 కోడ్ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ కోడ్‌కు అర్థం స్పీడ్ సెన్సార్ లైన్‌లో లోపమనే తప్ప, సెన్సారే పోయిందని కాదు.

కొత్త సెన్సార్ కొనేముందు కనెక్టర్ చూడాలి. ఇటీవల క్లచ్ పని చేయించారా? అయితే ప్లగ్ సరిగ్గా పెట్టకుండానే బిగించి ఉండొచ్చు. వానాకాలం తర్వాత పిన్నులకు పచ్చటి తుప్పు పడుతుంది. వడ్ల బస్తాలున్న చోట కారు పెడితే ఎలుకలు వైర్లు కొరకడం ఊళ్లలో తెలియనిదేం కాదు. మూడు వైర్ల సెన్సార్ అయితే ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కీ ఆన్ చేసి, పైన చెప్పినట్టే లేపిన చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే సిగ్నల్ వైర్‌లో వోల్టేజ్ పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. కరెంటు, ఎర్త్ ఉండి కూడా అది కదలకపోతే సెన్సార్‌నో, దాన్ని తిప్పే చక్రాన్నో అనుమానించాలి.

ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లలో వేగం చక్రాల సెన్సార్ల నుంచి వస్తుంది. మీటర్‌తో పాటు ఏబీఎస్ లైటు కూడా వెలిగితే అటువైపు చూడాలి. ఇక వేగం, పెట్రోల్, టెంపరేచర్ ముళ్లు మూడూ ఒకేసారి పడిపోతే సెన్సార్‌తో పనిలేదు, మీటర్ ఫ్యూజ్ లేదా ఎర్త్ చూసుకుంటే సరి.

స్పీడోమీటర్ బాగుండి స్టీరింగ్ ఒక్కటే గట్టిపడితే?

స్క్రూ డ్రైవర్ పట్టకముందే ముందు టైర్ల గాలి చూడాలి. సగం కేసులు అని చెప్పలేం గానీ, గాలి తక్కువై స్టీరింగ్ బరువెక్కడం మామూలే. తర్వాత బ్యాటరీ. ఈపీఎస్ మోటార్ చాలా కరెంటు లాగుతుంది. ఇంజిన్ ఆపి కాసేపు వదిలేశాక బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. అంతకంటే తగ్గితే ఆల్టర్నేటర్, బెల్టు, టెర్మినళ్లు చూడాలి. కీ తిప్పగానే ఈపీఎస్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవడం ఆరోగ్యానికి గుర్తు. నిలబడ్డ చోటే పదే పదే స్టీరింగ్ తిప్పితే మోటార్ వేడెక్కి కాసేపు సాయం తగ్గుతుంది. అది లోపం కాదు. ఇవేవీ చూడకుండా నేరుగా ‘కాలమ్ మొత్తం మార్చాలి’ అంటే ఇంకో చోట చూపించుకోవడం మేలు.

ఇండికా, బొలెరో, తవేరా లాంటి బండ్లలో ఆయిల్‌తో నడిచే హైడ్రాలిక్ స్టీరింగ్ ఉంటుంది. డబ్బాలో ఆయిల్ మట్టం చూడాలి, నురగ వస్తోందా గమనించాలి. నురగ ఉంటే గాలి చేరినట్టే. తిప్పేటప్పుడు కీచుమంటే బెల్టు, గుయ్యిమని మూలిగితే పంపు. ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. గొట్టాలు, ర్యాక్ రబ్బరు బూట్లు తడిమి చూడాలి. మూత మీద ఏ ఆయిల్ రాసి ఉంటే అదే పోయాలి. చేతికందింది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి 5 సెకన్లకు మించి పట్టుకోవద్దు.

ప్రమాదం ఎక్కడంటే..

కొండగట్టు ఘాట్ లాంటి దిగుడులో పెట్రోల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేసే అలవాటు కొందరికి ఉంది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేక్ బూస్టర్ కూడా రెండు మూడు తొక్కుళ్లకే ఖాళీ అవుతుంది. కీ బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడే ముప్పూ ఉంది. నడుస్తుండగా సాయం పోయినా స్టీరింగ్ తిరగకుండా పోదు. రెండు చేతులతో గట్టిగా పట్టి, వేగం తగ్గించి పక్కకు ఆపుకోవచ్చు.

ముల్లు పనిచేయని బండిని రోజుల తరబడి నడిపితే ఇంకో నష్టం ఉంది. చాలా బండ్లలో కిలోమీటర్లు కూడా ఎక్కవు. ఆయిల్, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలో లెక్క తప్పుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని, టెస్ట్ డ్రైవ్‌లో ఫోన్ జీపీఎస్ వేగంతో మీటర్‌ను పోల్చుకోవాలి. మీటర్ కాస్త ఎక్కువ చూపించడం సహజమే, తక్కువ చూపిస్తే టైర్ సైజు మార్చారేమో అడగాలి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 ప్రకారం బండికి స్పీడోమీటర్ ఉండాల్సిందే. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలంటే ఆర్టీఏ ఆఫీసులో బండి చూపించాలి. ఈ రెండు పనులూ ఆ తనిఖీకి ముందే చేయించుకుంటే మళ్లీ మళ్లీ కరీంనగర్ తిరిగే బాధ తప్పుతుంది.