అడిగి అందించే సేవ

నయంకాని జబ్బు మనిషి ఇంటివాళ్లతో ఆస్పత్రి అనే ఆఖరి మాట ఒకటే: "ఇంటికి తీసుకెళ్లండి." ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో పట్టించుకున్నది కేరళలోని కోళికోడ్. 1993లో అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలలో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పుట్టింది. జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యమే పాలియేటివ్ కేర్. స్థాపకుల్లో మత్తు వైద్యులైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్‌లతో పాటు వైద్యుడు కాని అశోక్ కుమార్ ఉండడం చిన్న విషయం కాదు. సంస్థ తర్వాతి నడకంతా ఆ పొత్తులోంచే వచ్చింది.

నొప్పి తగ్గించే మార్ఫిన్ చవకైన మందే. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కేసుల భయంతో చాలా ఆస్పత్రులు దాన్ని నిల్వ ఉంచడమే మానేశాయి. పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించడానికి 2014 దాకా పట్టింది. ఆలోగా ఎందరు నొప్పితోనే వెళ్లిపోయారో!

మందు దొరికినా, మంచం దిగలేనివారు క్లినిక్‌కి ఎలా వస్తారు? డాక్టర్లు ఎన్ని ఇళ్లకని వెళ్లగలరు? అందుకే మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువారికే శిక్షణ ఇచ్చారు. పుండ్లు కడగడం, ఒళ్లు తుడవడం, ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని కనుక్కోవడం వాళ్ల పని. ఖర్చుకు ఊరివాళ్లే చిన్న చిన్న చందాలిచ్చారు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించింది, పంచాయతీలు నర్సులను పెట్టుకున్నాయి. మంచిదే. అయితే నర్సు వచ్చిందని పొరుగువాడు తప్పుకుంటే సగం వైద్యం ఆగిపోయినట్టే.

పొరుగువాడికి హద్దులూ తెలియాలి. గడప దాటినవాడికి ఆ ఇంటి అప్పులు, తగాదాలు, రోగి సిగ్గు అన్నీ కనిపిస్తాయి. అవి వీధిలోకి రాకూడదు. బియ్యం సంచీ ఇస్తూ రోగి పక్కన ఫొటో దిగడం సేవ కాదు, అవమానం. అన్నిటికన్నా కష్టమైంది, "నాన్నకి జబ్బు పేరు చెప్పకండి" అనే కొడుకు మాట. అది ప్రేమే, కాదనను. కానీ దానివల్ల పొలం కాగితాలు తేలవు, కూతురికి చెప్పాల్సిన మాట లోపలే ఉండిపోతుంది. ఎంత తెలుసుకోవాలనుందో ముందు ఆ తండ్రినే అడగాలి. అది ఆయన హక్కు.

హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ పాలియేటివ్ వైద్యం ఉంది. తెలంగాణ జిల్లాల్లోనూ కేంద్రాలు వచ్చాయి. మన వీధుల్లో రావలసింది మనుషులు. మీ వీధిలో మంచాన పడ్డవారెవరో కనుక్కోండి. శిక్షణ తీసుకుని, వారానికి రెండు గంటలు వాళ్లకివ్వండి.