కంకి విప్పిన చేయి



నేడు మనవి చేయబోవునది చిన్న విషయము: సంతలో పచ్చి మొక్కజొన్న కంకులను పరీక్షించు మర్యాద. విషయము చిన్నదైనను దాని వెనుకనున్న చరిత్ర పెద్దది.

నా బాల్యమున తాతగారి వెంట భద్రాచలపు అడవి అంచున జరుగు వారపు సంతకు పోయితిని. ఒక కోయ స్త్రీ గంపనిండ కంకులు పెట్టుకొని కూర్చుండెను. నేను ఒక్కొక్క కంకి పైపొరలు చీల్చి, గింజను గోటితో నొక్కి, పాలు వచ్చునో లేదో చూచి, నాలుగింటిని తిరిగి గంపలో పడవైచితిని. ఆమె నోరు మెదపలేదు. తాతగారు ఆ నాలుగింటినే ఏరి, వెల చెల్లించి, “నీవు చూచినదానికి ఆమె ఏల నష్టపడవలెను, నాయనా?” అనిరి.

ఆ మాటకు అర్థము పిదప తెలిసినది. కంకి విరిచినది మొదలు గింజలోని తీపి పిండిగా మారుచుండును. వేడికి ఆ మార్పు త్వరపడును. పైపొరలు తీసినచో తేమయు పోవును. గోరు దిగిన కంకిని సాయంకాలమున కొనువారుండరు. దానిని మరల నెత్తికెత్తుకొని అడవిదారిన పోవలసినది ఆమెయే.

మొక్కజొన్న మనకు ప్రాచీన ధాన్యము కాదు. సుమారు 9000 సంవత్సరముల క్రిందట మెక్సికో దేశపు దక్షిణభాగమున అచటి జనులు ఒక గడ్డిజాతినుండి దీనిని రూపొందించిరి. 1492లో కొలంబసు యాత్ర జరిగిన పిమ్మట ఇది సముద్రములు దాటెను. పోర్చుగీసువారి ఓడలలో మన తీరమునకు వచ్చినదని పెక్కుర అభిప్రాయము. పంట కొత్తదైనను పంటయెడ గౌరవము ఇచట పాతదే. కొత్తల పండుగ చేసి దైవమునకు నివేదింపక కోయలు కొత్త పంటను నోట పెట్టరు.

ఆ గౌరవము సంతలో వారికి దక్కలేదు. అప్పులును, దొంగ కొలతలును వారిని పీడించినవి. భద్రాచలము మద్రాసు రాజధానిలోనున్న కాలమున, 1917లో, ఏజెన్సీ ప్రాంతములందలి వడ్డీని, భూముల బదిలీని అదుపు చేయుటకు చట్టము పుట్టెను. 1956లో తూనికలు, కొలతల చట్టము వచ్చెను. ఆ యేటనే అడవి సరకులను న్యాయమైన ధరకు కొనుటకు గిరిజన సహకార సంస్థ ఏర్పడెను. 1959లో భద్రాచలము తాలూకా తూర్పు గోదావరినుండి ఖమ్మము జిల్లాలో చేరెను. చట్టము తక్కెడను సరిదిద్దగలదు. కొనువాని గోటిని ఆపజాలదు. అది మన మర్యాదకు విడువబడిన పని.

కంకిని విప్పకయే ఎంచవచ్చును. పైపొర పచ్చగా బిగిసియుండి, కొననున్న పీచు గోధుమవన్నెకు తిరిగినచో గింజ పట్టినట్లు. పీచులోని ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. కావున పీచు ఒత్తుగానున్న కంకి మేలు. మొదటినుండి కొనవరకు వ్రేళ్లతో తడిమినచో బోలు తెలియును. కాడ విరిచినచోట తడియున్నచో అది నేటి కంకి. అప్పటికిని సందేహము తీరనిచో, ఒకదానిని విప్పి చూపుమని అమ్ముచున్న తల్లినే అడుగుడు. విప్పినదానిని విడువక కొనుడు.

ఈ మాట మనుమలకు సంతకు పోవుటకు ముందే చెప్పుడు. మా తాతగారు నాకు నాలుగు కంకులు చెడిన పిదప చెప్పిరి.